ఒకే కాలిలో రెండు జబ్బులు: యూరిక్ యాసిడ్ కాగితంతో వచ్చిన ఒక రొయ్యల రైతు కేసు

రోగి వయసు 54. భీమవరం, ఆకివీడు మధ్య ఒక ఊళ్లో రొయ్యల చెరువులు సాగు చేస్తారు. కుడికాలి బొటనవేలి మొదట్లో వాపు, ఎరుపు, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. ఇది గౌట్ దాడి: రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్ కీలులో స్ఫటికాలుగా పేరుకుని మంట పుట్టించే జబ్బు. కొడుకు బైకు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. పెద్దాయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ కాగితాలు ఉన్నాయి. ప్రతి కాగితం మీదా యూరిక్ యాసిడ్ అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. అవే కాగితాల మీద ఉన్న కొలెస్ట్రాల్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకెల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఈ కేసు రాయాలనిపించడానికి మొదటి కారణం ఆ ఎర్ర సున్నాలే.

రోగి అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగి చెప్పింది

మొదటి దాడి ఆరేళ్ల కిందట, ముక్కనుమ రాత్రి. ఆ మూడు రోజులూ ఇంట్లో నాటుకోడి, మేక బోటీ, రొయ్యల వేపుడు, పక్కన బీరు. తెల్లవారుజామున వేలు మండిపోతుంటే తేలు కుట్టిందనుకుని టార్చి లైటు వేసి మంచం కింద వెతికారట. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేశాక మూడో రోజుకు నెమ్మదించింది. తర్వాత ఏడాదికొకసారి వచ్చేది. ఆపైన రెండుసార్లయింది. గత ఏడాదిలో నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ అదే వైద్యం: నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఒకటి, స్టెరాయిడ్ అయిన డెక్సామెథాసోన్ ఒకటి. కాలు బాగున్న రోజుల్లో మందు ఊసే లేదు.

మధ్యలో ఒకసారి వేలు వాచి ఉన్నప్పుడు చేయించిన పరీక్షలో యూరిక్ యాసిడ్ 6.6 వచ్చింది. ‘మీకు యూరిక్ యాసిడ్ లేదు, ఇది దెబ్బ తగిలిన వాపు’ అని ఎవరో చెప్పారు. ఆయన ఆ ఏడాదంతా నిశ్చింతగా గడిపారు. గౌట్ దాడి జరుగుతున్న రోజుల్లో మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా పోతుంది, అందుకని రక్తంలో అంకె తాత్కాలికంగా దిగుతుంది. నొప్పి ఉన్నప్పుడు మామూలుగా వచ్చిన రిపోర్టును నమ్మకూడదు. దాడి తగ్గిన రెండు వారాలకు చేయించిన పరీక్షే లెక్కలోకి తీసుకోవాలి.

రక్తపోటుకు ఐదేళ్లుగా మాత్ర వేసుకుంటున్నారు. అందులో టెల్మిసార్టాన్, థయజైడ్ వర్గానికి చెందిన హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉన్నాయి. రోజుకు పది సిగరెట్లు, పాతికేళ్ల అలవాటు. పట్టుబడి రాత్రుల్లో, అంటే చెరువులో రొయ్యలు పట్టే రాత్రుల్లో, దానికి లెక్క ఉండదు. తండ్రి 58 ఏళ్లకే గుండెపోటుతో పోయారు.

ఇక తిండి. యూరిక్ యాసిడ్ అనగానే ఎవరెవరో ఇచ్చిన సలహాల మీద కందిపప్పు, పాలకూర, టమాటా, వంకాయ అన్నీ మానేశారు. ఎండు రొయ్యలు మానలేదు. ‘అవి మన చెరువువే కదండీ, మంచి సరుకు’ అన్నారు. మంచి సరుకే, సందేహం లేదు. నీరు పోయాక మిగిలిన రొయ్యలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు మరింత చిక్కబడి ఉంటాయి, అదొక్కటే ఇబ్బంది.

వేలి సంగతి అయిపోయాక, అలవాటు చొప్పున నడక గురించి అడిగాను. అక్కడ కేసు మలుపు తిరిగింది.

‘నొప్పి లేని రోజుల్లో బాగానే నడుస్తారా?’

‘ఎక్కడండీ! గట్టు మీద మొదటి ఏరియేటర్ (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రం) దగ్గర బయలుదేరితే మూడోది దాటేసరికి కుడి పిక్క బిగుసుకుపోతుంది. పనివాళ్లు చూస్తుంటారు కదా, నిలబడి చెరువు పరీక్షిస్తున్నట్టు నటిస్తాను. కాసేపటికి తగ్గుతుంది. మళ్లీ నడుస్తాను. అదీ యూరిక్ యాసిడే అన్నారు డాక్టర్ గారూ.’

అది యూరిక్ యాసిడ్ నొప్పి తీరు కాదు. గౌట్ నొప్పి కీలులో వస్తుంది, చాలాసార్లు రాత్రి పడుకున్నాక మొదలవుతుంది, వచ్చిందంటే రోజుల తరబడి ఉంటుంది. ఈయన చెప్పేది కండరంలో నొప్పి. నడిస్తేనే వస్తుంది, అదే దూరానికి వస్తుంది, నిలబడితే నిమిషాల్లో పోతుంది. కాలికి రక్తం తీసుకెళ్లే ధమని ఇరుకైతే పిక్క ఇలాగే మొరాయిస్తుంది. ఏడాదిన్నరగా ఉన్న ఈ లక్షణం ఏ చీటీ మీదా కనిపించలేదు. బొటనవేలు అంత గట్టిగా అరుస్తుంటే పిక్క మాట ఎవరికి వినిపిస్తుంది?

పరీక్షలో తేలింది

బరువు 88 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుం చుట్టుకొలత 106. రక్తపోటు 158/96, నొప్పి వల్ల కొంత పెరిగి ఉంటుంది. కుడి మోచేతి వెనుక బఠాణీ గింజంత గట్టి బొడిపె ఉంది, నొప్పి లేదు. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకున్న మూట అది, టోఫస్ అంటాం. అది కనిపించిందంటే జబ్బు పాతబడిందన్నమాట.

పాదం పైన నాడి వాపు వల్ల చేతికి అందలేదు. తేలిగ్గా మోసపోయే చోటు ఇదే. వాపు కదా, అందదులే అనుకుని ముందుకు పోతాం. చీలమండ లోపలి ఎముక వెనుక వాపు లేదు, అక్కడ నాడి సన్నగా ఉంది. ఎడమకాలిలో స్పష్టంగా తగిలింది. కుడి మోకాలి వెనుకా బలహీనమే. గజ్జలో మాత్రం బాగుంది. అంటే అడ్డు తొడలోనే ఉండాలి. కుడి కాలి మీద మోకాలి కింద వెంట్రుకలు రాలిపోయి చర్మం నున్నగా మెరుస్తోంది.

ఆ రోజు వేలికి వైద్యం చేసి పంపాను. వాపు తగ్గాక, రెండు వారాలకు మిగతా పరీక్షలు చేశాం. యూరిక్ యాసిడ్ 9.4. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలో కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు 262. మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ 6.3, అంటే మధుమేహం గడప దగ్గర ఉన్నారు. క్రియాటినిన్ 1.3. ఆయన వయసుకు లెక్క కడితే మూత్రపిండాల వడపోత 65 దాకా వస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ గ్రాము క్రియాటినిన్‌కు 64 మిల్లీగ్రాములు, 30 లోపు ఉండాలి. ఈసీజీ మామూలుగానే ఉంది. ఎకోలో గుండె ఎడమ గది గోడ కొంచెం మందం.

చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించే చిన్న పరీక్ష ఒకటుంది. రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే ఒక చేతి డాప్లర్, ఒక బీపీ కఫ్ చాలు, చిన్న క్లినిక్కులోనూ చేయవచ్చు. ఆయన చేతి పై అంకె 152, కుడి చీలమండ దగ్గర 104, ఎడమ దగ్గర 144. కుడి నిష్పత్తి 0.68, ఎడమ 0.95. 0.9 కంటే తక్కువైతే కాలి ధమనుల్లో జబ్బు ఉన్నట్టు. కాల్షియం పట్టి గట్టిపడ్డ ధమనిని కఫ్ సరిగా నొక్కలేదు కాబట్టి నిష్పత్తి ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈయన అసలు పరిస్థితి 0.68 కంటే కాస్త అధ్వానమై ఉన్నా ఆశ్చర్యం లేదు. డాప్లర్ స్కాన్‌లో కుడి తొడ ధమని సుమారు 70 శాతం మూసుకుపోయి కనిపించింది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ ధమని చీలే చోట 40 శాతం అడ్డు. దానికి లక్షణాలేమీ లేవు.

నా దృష్టిలో ఈ కేసు మొత్తం పాదం ఎక్స్‌రేలో ఉంది. బొటనవేలి మొదటి కీలు పక్కన ఎముక అంచు ఎలుక కొరికినట్టు గుంట పడి, గుంట పెదవి పైకి లేచి ఉంది. అది గౌట్ ముద్ర. అదే ఫిల్మ్‌లో, మొదటి రెండు పాదం ఎముకల మధ్య మెత్తటి కండలో, సమాంతరంగా రెండు సన్నటి తెల్ల గీతలు. ఎముక లేని చోట తెల్లగా ఏదీ కనిపించకూడదు. కాల్షియం పేరుకున్న ధమని గోడలు అవి. ఏడాది కిందట మరోచోట తీసిన ఎక్స్‌రే కూడా కొడుకు తెచ్చాడు. అందులోనూ ఆ గీతలున్నాయి. రిపోర్టులో ‘గౌట్ మార్పులు’ అని మాత్రమే రాసి ఉంది.

దోషా, సాక్షా?

రోగి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ‘అయితే యూరిక్ యాసిడ్ వల్లే రక్తనాళం పూడిపోయిందా? అది తగ్గిస్తే పూడిక పోతుందా?’ వైద్యులు కూడా దశాబ్దాలుగా వాదించుకుంటున్న విషయమే ఇది. కాస్త నిదానంగా చెప్పాలి.

మన కణాల్లోని డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, శక్తినిచ్చే ఏటీపీ వంటివి విరిగినప్పుడు ప్యూరిన్లు వస్తాయి. జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వాటిని చివరకు యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. చాలా జంతువుల్లో యూరికేజ్ అనే మరో ఎంజైము దాన్ని ఇంకా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. మన వానర పూర్వీకుల దగ్గరే ఆ జన్యువు పాడైపోయింది, మనకు అందలేదు. తయారైన దానిలో సుమారు మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోవాలి. రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లలో చాలామందికి అసలు సమస్య తిండి కాదు, మూత్రపిండం దాన్ని సరిగా బయటకు పంపకపోవడం. శరీర ఉష్ణోగ్రత దగ్గర డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది స్ఫటికాలుగా మారే వీలుంది. చల్లటి చోట అంతకంటే తక్కువలోనే మారుతుంది. గుండెకు దూరంగా, చల్లగా ఉండే బొటనవేలినే అది ముందుగా పట్టడానికి ఒక కారణం ఇది. మరి అర్ధరాత్రి చెరువు నీళ్లలో దిగి నిలబడేవాళ్ల పాదాల సంగతి వేరే చెప్పాలా!

ఇక ధమని. యూరిక్ యాసిడ్ కణం లోపలికి వెళ్లి ఆక్సీకరణ ఒత్తిడి పెంచుతుందని, ధమని లోపలి పొర తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. జాంథీన్ ఆక్సిడేజ్ తన పని చేస్తూనే హానికరమైన ఆక్సిజన్ అణువులను వదులుతుంది. స్ఫటికాలు తెల్లరక్తకణాల్లో ఇన్‌ఫ్లమసోమ్ అనే మంట యంత్రాన్ని మేల్కొల్పి, మంటను రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థాన్ని విడుదల చేయిస్తాయని 2006లో తేలింది. 2010లో మరో బృందం ధమనిలో పేరుకునే కొలెస్ట్రాల్ స్ఫటికాలూ అదే యంత్రాన్ని మేల్కొల్పుతాయని చూపించింది. కీలులోనూ, ధమనిలోనూ మంట ఒకే పొయ్యి నుంచి వస్తోందన్నమాట. 2017లో పదివేల మందికి పైగా గుండెపోటు రోగులతో చేసిన కాంటోస్ పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్ మందు గుండె సంఘటనలను 15 శాతం తగ్గించింది. అదే రోగుల్లో గౌట్ దాడులు కూడా సగానికి పైగా తగ్గాయి.

ఇంతవరకు వింటే యూరిక్ యాసిడ్ దోషే అనిపిస్తుంది. కానీ 1999లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనం మిగతా ప్రమాద కారకాలను లెక్కలోకి తీసుకుంటే యూరిక్ యాసిడ్‌కు సొంతంగా సంబంధం మిగలలేదని చెప్పింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారం దానికి భిన్నంగా, గుండె మరణాలతో స్వతంత్ర సంబంధం ఉందని చూపింది. ఇలాంటి తగువు పరిశీలనలతో తెగదు. మందిచ్చి చూడాలి. బ్రిటన్‌లో చేసిన ఆల్‌హార్ట్ పరీక్ష ఆ పని చేసింది. గౌట్ లేని, గుండె ధమనుల జబ్బు ఉన్న 5,700 మందికి పైగా రోగుల్లో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల వరకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది: గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాల్లో తేడా లేదు. జన్యువుల ఆధారంగా చేసిన అధ్యయనాలు చాలావరకు అదే వైపు మొగ్గాయి. పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉండేలా జన్యువులున్నవాళ్లకు గుండె ధమనుల జబ్బు ఎక్కువగా రావాలి కదా, ఆ సంబంధం గట్టిగా కనిపించలేదు.

ఈ రోగి విషయంలో నా తీర్పు ఇది. పెద్ద నడుం, పెరిగిన రక్తపోటు, నీరసించిన మూత్రపిండం, థయజైడ్ మాత్ర, ఇవన్నీ కలిసి యూరిక్ యాసిడ్‌ను పైకి నెట్టాయి. అందులో మొదటి మూడూ సిగరెట్‌తో, ఎల్‌డీఎల్‌తో చేతులు కలిపి ధమనిని గట్టిపరిచాయి. 9.4 అనే అంకె ఆ దొంగల ముఠాను చూసిన సాక్షి. ముఠాలో దానికీ చిన్న వాటా ఉండవచ్చు, నేను కొట్టిపారేయను. సాక్షిని పట్టుకుని జైల్లో వేసినంత మాత్రాన దొంగతనాలు ఆగవు. ఆరేళ్లుగా జరిగింది అదే.

అయితే గౌట్ దాడిని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రిటన్ రోగుల రికార్డులతో 2022లో వచ్చిన అధ్యయనంలో దాడి తర్వాత మొదటి 60 రోజుల్లో గుండెపోటు, పక్షవాతం అవకాశం దాదాపు రెట్టింపైంది. 120 రోజుల దాకా కొంత ఎక్కువగానే ఉంది. కాబట్టి దాడులు ఆపడం కాలికే కాదు, గుండెకూ అవసరం.

రాసిన మందులు, ఎందుకు రాశామో

మొదటి రోజు డైక్లోఫెనాక్ వద్దన్నాను. ధమని జబ్బు అనుమానం, పెరిగిన రక్తపోటు, మూత్రపిండంపై ఒత్తిడి ఉన్న మనిషికి ఆ వర్గం మాత్రలు, ఇంజెక్షన్లు మూడు వైపులా హాని చేస్తాయి. గౌట్ మంటను అణిచే కాల్చిసిన్ తొలిరోజు ఒక మిల్లీగ్రాము, గంట తర్వాత అర మిల్లీగ్రాము, మర్నాటి నుంచి రోజుకు రెండుసార్లు అర మిల్లీగ్రాము ఇచ్చాను. నాలుగో రోజుకు చెప్పు వేసుకోగలిగారు.

థయజైడ్ ఉన్న మాత్ర అదే రోజు మార్చాను. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఈ మందు యూరిక్ యాసిడ్‌ను మాత్రం పట్టి ఉంచుతుంది. దాని బదులు లోసార్టాన్, ఆమ్లోడిపిన్ ఇచ్చాను. రక్తపోటు మందుల్లో లోసార్టాన్‌కు ఒక ప్రత్యేకత ఉంది, యూరిక్ యాసిడ్‌ను కొంత బయటకు పంపుతుంది. టెల్మిసార్టాన్‌కు ఆ గుణం చెప్పుకోదగ్గంతగా లేదు. ఒక్క పైసా అదనపు ఖర్చు లేకుండా సగం పని జరిగే చోటు ఇది. గౌట్ ఉన్నవాళ్ల బీపీ మాత్ర అట్టను తిప్పి చదివే అలవాటు మన అందరికీ ఉండాలి.

ధమని కోసం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వర్గం మందు రోసువాస్టాటిన్ 20, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ 75. చిన్న మోతాదు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను కొంచెం పెంచుతుంది. కాలి ధమనుల జబ్బుకు క్లోపిడోగ్రెల్ ఎలాగూ మంచి ఎంపిక కాబట్టి ఇక్కడ ఆ చిక్కు రాలేదు. గుండెకు ఆస్పిరిన్ తప్పనిసరైన వాళ్లు మాత్రం యూరిక్ యాసిడ్‌కు భయపడి దాన్ని మానకూడదు. కాల్చిసిన్, స్టాటిన్ కలిసి వాడేటప్పుడు కండరాల నొప్పి, నీరసం కనిపెట్టి ఉండాలి. కాల్చిసిన్ వాడుతున్నవాళ్లు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ జోలికి పోకూడదు. దగ్గు వచ్చిందని మందుల షాపులో అడిగి కొనుక్కునే మన ఊళ్లలో ఈ ఒక్క మాట చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

రెండు వారాల తర్వాత అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి క్రమంగా పెంచాం. దాడి మధ్యలోనే మొదలుపెట్టవచ్చని మార్గదర్శకాలు అంటాయి. కానీ నొప్పి ఉండగా కొత్త మాత్ర ఇస్తే నొప్పి నింద ఆ మాత్ర మీదే పడుతుందని నా అనుభవం. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే ఆ క్షణమే మాత్ర ఆపి రమ్మని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను. అరుదే అయినా ప్రాణం మీదకు వచ్చే ప్రతిచర్య అది. యూరిక్ యాసిడ్ తగ్గించే మరో మందు ఫెబుక్సోస్టాట్ రాయకపోవడానికి కారణం 2018 నాటి కేర్స్ పరీక్ష. గుండె జబ్బున్న గౌట్ రోగుల్లో అల్లోప్యూరినాల్ కంటే దానితో గుండె మరణాలు ఎక్కువ కనిపించాయి. 2020లో వచ్చిన ఫాస్ట్ పరీక్ష ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. అయినా పాత మందు పనిచేస్తున్నప్పుడు తొందరేమీ లేదు.

అల్లోప్యూరినాల్‌తో పాటు కాల్చిసిన్ రోజుకు అర మిల్లీగ్రాము ఆరు నెలలు. దీనికి గౌట్ కారణం ఒక్కటే చాలు. మరో లాభం ఉండే అవకాశమూ ఉంది. 2020లో 5,522 మంది స్థిరమైన గుండె ధమనుల రోగులతో చేసిన లోడోకో-2 పరీక్షలో ఇదే మోతాదు గుండె సంఘటనలను 31 శాతం తగ్గించింది. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టిన క్లియర్ పరీక్షలో లాభం కనిపించలేదు. కాబట్టి దీన్ని ధమని మందుగా ఆయనకు అమ్మలేదు.

నడక అన్నిటికంటే పెద్ద మందు. పిక్క పట్టేవరకు నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి, అలా మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట. ‘ఇక నుంచి చెరువు చూస్తున్నట్టు నటించనక్కర్లేదు, డాక్టర్ ఆగమన్నారని చెప్పండి’ అన్నాను. నవ్వారు.

తిండి విషయం తొందరగా ముగించాను. కందిపప్పు, పాలకూర తిరిగి తినమన్నాను. 2004లో వేలమంది పురుషులను పన్నెండేళ్లు గమనించిన అమెరికా అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి గౌట్‌ను పెంచాయి, ప్యూరిన్లున్న కూరగాయలు పెంచలేదు, వెన్న తీసిన పాల పదార్థాలు తగ్గించాయి. మన మజ్జిగ ఆ లెక్కలో బాగా ఇముడుతుంది. బోటీ, కార్జం, ఎండు రొయ్యలు మానాలి. పులస కాలంలో పులస పులుసు రెండు ముక్కలు తిన్నందుకు ఎవరినీ ఉరి తీయను. బీరు మాత్రం పూర్తిగా ఆపాలి. కల్లు అంతకంటే మేలు అనే భ్రమ వద్దు. పంచదార కూల్‌డ్రింకులు కూడా: అందులోని ఫ్రక్టోజ్ కాలేయంలో ఏటీపీని ఖర్చుచేసి యూరిక్ యాసిడ్ పెంచుతుంది. ఎండలో చెమట పట్టే పని కనుక నీళ్ల సీసా గట్టు మీద ఉండాలి.

మధ్యలో ఒక చిక్కు

ఆరో వారంలో ఎడమ చీలమండ కొద్దిగా వాచింది. అల్లోప్యూరినాల్ అప్పటికి 200కు చేరింది. ఊళ్లో ఎవరో ‘ఆ మాత్ర వేడి చేసింది’ అన్నారు, ఈయన ఆపేశారు. ఆయన భార్య ఫోన్ చేశారు. ‘మా వారు ఎర్ర అట్ట మాత్రలు బీరువాలో పెట్టేశారండీ. ఆ చిన్న మాత్ర కూడా విరేచనాలవుతున్నాయని పది రోజులుగా వేసుకోవడం లేదు.’ చిన్న మాత్ర అంటే కాల్చిసిన్. అసలు కథ అక్కడుంది. యూరిక్ యాసిడ్ వేగంగా దిగుతుంటే కీళ్లలో పాత నిల్వలు కరుగుతూ కదులుతాయి. మొదటి నెలల్లో దాడులు రావడం మందు పనిచేస్తున్న గుర్తే, దానికి కాపలాగానే కాల్చిసిన్ ఇస్తాం. కాపలా పోయింది, దాడి వచ్చింది. కాల్చిసిన్‌ను రాత్రి భోజనం తర్వాతకు మార్చాక విరేచనాలు సర్దుకున్నాయి. అల్లోప్యూరినాల్ తిరిగి మొదలుపెట్టి 300 వరకు తీసుకెళ్లాం.

ఆరు నెలలకు

యూరిక్ యాసిడ్ 5.4. టోఫస్ ఉన్నవాళ్లలో 5 లోపు చేరితే ఇంకా త్వరగా కరుగుతుంది, కాబట్టి మోతాదు మరికొంత పెంచే ఆలోచన ఉంది. మోచేతి బొడిపె మెత్తబడి చిన్నదైంది. ఎల్‌డీఎల్ 61, రక్తపోటు 128/78, క్రియాటినిన్ 1.2. మూత్రంలో ఆల్బుమిన్ 38కి దిగింది. చివరి మూడు నెలల్లో దాడి లేదు. మొదట్లో సుమారు 120 మీటర్లకు పట్టే పిక్క ఇప్పుడు గట్టు చుట్టూ ఒక పూర్తి చుట్టు, అంటే 400 మీటర్లు తిరిగితే గానీ పట్టడం లేదు.

కాలి నిష్పత్తి 0.72. కొలతలో వచ్చే సహజమైన హెచ్చుతగ్గులను బట్టి చూస్తే ఇది మార్పు కిందకు రాదు. కెరోటిడ్ స్కాన్ కూడా ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆయనకు కొంత నిరాశ. ‘యూరిక్ యాసిడ్ దిగింది కదండీ, గొట్టం శుభ్రపడలేదా?’ శుభ్రపడదని, అది పెరగకుండా, పగిలి గడ్డ కట్టకుండా నిలబడితే అదే గెలుపని చెప్పాను. నడక పెరగడానికి కారణం ధమని తెరుచుకోవడం కాదు. పిక్క కండరం ఉన్న రక్తాన్ని పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంది, పక్కదారుల్లో చిన్న నాళాలు కొంత పెద్దవయ్యాయి. నడక మెరుగవుతున్నంత కాలం తొడ ధమనికి బెలూన్ ఆలోచన పక్కన పెట్టాం. పాదంలో మానని పుండో, పడుకున్నా వచ్చే నొప్పో వస్తే లెక్క మారుతుంది.

సిగరెట్లు పది నుంచి రెండుకు వచ్చాయి. సున్నా కాలేదు. పట్టుబడి రాత్రి కాటా దగ్గర కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) బేరం నడుస్తుంటే చేతిలో ఏదో ఒకటి లేకపోతే తోచదంటారు. ఈ కేసులో ఇంకా మిగిలిన పెద్ద పని అదే, యూరిక్ యాసిడ్ 5.4 నుంచి 4.9కి రావడం కంటే చాలా పెద్దది.

కొడుకు రిపోర్టు

ఆరు నెలల సమీక్షకు వచ్చినప్పుడు కొడుకు తన రిపోర్టు కూడా తీసి బల్ల మీద పెట్టాడు. వయసు 28, ఒక మేత డిపోలో ఉద్యోగం, బరువు 92 కిలోలు. యూరిక్ యాసిడ్ 8.1. ఎప్పుడూ కీలు వాచలేదు, మూత్రంలో రాయి లేదు. ‘నాన్నగారి మాత్ర నాకూ రాసేయండి సార్, ముందే ఆపేద్దాం’ అన్నాడు.

రాయలేదు. లక్షణాలేవీ లేని యూరిక్ యాసిడ్‌కు జీవితాంతం మాత్ర వేస్తే ధమని బాగుంటుందనే రుజువు లేదు, మందు దుష్ఫలితం మాత్రం నిజం. రక్తపోటు చూస్తే 138/88. వారం పాటు ఇంటి దగ్గర ఉదయం, సాయంత్రం కొలిచి రాసుకుని రమ్మంటే సగటు 134/86 వచ్చింది. ఎల్‌డీఎల్ 139, ట్రైగ్లిజరైడ్లు 210. తాత 58కి గుండెపోటుతో పోవడం, తండ్రికి 54కే ధమనులు గట్టిపడటం ఇతని చీటీలో మొదటి వాక్యాలు. సాయంత్రం డిపోలో తాగే రెండు కూల్‌డ్రింకులు ఆపడం, మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గడం, ఉప్పు, ఊరగాయలు తగ్గించడం ఒప్పుకున్నాడు. అప్పటికీ రక్తపోటు, ఎల్‌డీఎల్ దిగకపోతే వాటికి మందు మొదలుపెడతాం.

మూడు నెలల తర్వాత చేయించాల్సిన పరీక్షలు రాసిచ్చాను: రక్తపోటు, కొలెస్ట్రాల్, చక్కెర, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, ‘యూరిక్ యాసిడ్ రాయలేదు సార్’ అన్నాడు. చివర్లో అదీ రాసిచ్చాను.